ఆటిస్టిక్ మనుషులు, సినిమా పని, హైదరాబాద్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఆదివారాలు కలిసి చిన్న సినిమాలు తీసుకునే గుంపు మాది. సగానికి పైగా ఆటిస్టిక్ మనుషులం, అంటే ఆటిజం ఉన్నవాళ్లం. నేను సౌండ్ చూస్తాను, నేనూ ఆటిస్టిక్‌నే. కొత్తగా వచ్చేవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ఫోన్లో వివరించడం నాకు రాదు, రాసిపెట్టడం వచ్చు. అందుకే ఇది. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. మీకు కావాల్సిన చోట మొదలుపెట్టి చదువుకోండి.

## రావాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

నలుగురిలో మాట్లాడాలంటేనే చెమటలు పడతాయి. సినిమా అంటేనే గుంపు పని కదా, నాకెలా కుదురుతుంది?

పెళ్లికి వెళ్తే ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి. ఎవరి పక్కన కూర్చోవాలి, "ఏం చేస్తున్నావు బాబూ" అన్న పెద్దాయనకి ఎంత పొడుగు జవాబు చెప్పాలి, ఎప్పుడు లేవాలి, ఇవేవీ ఎవరూ చెప్పరు. అందరికీ తెలిసినట్టే ఉంటుంది, మనకి తప్ప. సెట్‌లో అన్నీ పైకే చెప్తారు. "సైలెన్స్" అంటే డైరెక్టర్‌తో సహా అందరూ నోరు మూసుకోవాలి. "రోల్ సౌండ్" అంటే నేను "రోలింగ్" అనాలి, ఇంకేమీ అనక్కర్లేదు. తర్వాత కెమెరా, తర్వాత క్లాప్, తర్వాత యాక్షన్. నటించేవాళ్లు ఎక్కడ ఆగాలో నేల మీద టేపు ముక్క అంటించి ఉంటుంది. మాటలన్నీ పని గురించే. మీ జీతమెంతో, పెళ్లెప్పుడో ఎవరూ అడగరు.

ఆటిస్టిక్ మనుషులకు ఎదుటివాళ్ల మనసు అర్థం కాదని చాలాకాలం చెప్పుకున్నారు. డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, ఆయనా ఆటిస్టిక్కే, 2012లో దాన్ని తిరగేశాడు. అర్థం కాకపోవడం రెండువైపులా ఉంది, వాళ్లకి మనమూ అర్థం కావడం లేదు అన్నాడు. డబుల్ ఎంపతీ ప్రాబ్లమ్ అని దానికి పేరు. సెట్‌లో కూడా ఆ సమస్య ఉంటుంది. కాకపోతే ఇద్దరి మధ్యా ఒక షాట్ ఉంటుంది, ఇద్దరూ దాన్నే చూస్తుంటారు. ముందు పని దొరుకుతుంది, ఆ పని చుట్టూ మనుషులు దొరుకుతారు. ముందు మనుషుల్ని వెతుక్కుని తర్వాత పని చూసుకోవాలంటే నాకైతే ఎప్పుడూ కుదర్లేదు.

ఒక్క ఇబ్బంది ముందే చెప్తాను: టీ బ్రేక్. అప్పుడు ఎవరికీ పనుండదు, కబుర్లు మొదలవుతాయి. మాలో చాలామంది ఆ పావుగంట కేబుళ్లు చుడుతూ గడిపేస్తారు. మీరూ చుట్టండి. కేబుళ్లు ఎప్పుడూ చిక్కుపడే ఉంటాయి.

నాకు డయాగ్నోసిస్ లేదు, సర్టిఫికెట్ లేదు. కానీ చదివిన ప్రతిదీ నా గురించే అనిపిస్తోంది. రావచ్చా?

రావచ్చు. కాగితాలు అడగం. ముప్ఫై, నలభై ఏళ్లకు తెలుసుకున్నవాళ్లు మాలో ఉన్నారు. వీళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, ఎందుకంటే చిన్నప్పుడు "బుద్ధిమంతురాలు, నోట్లో నాలుక లేదు" అని మెచ్చుకుని వదిలేశారు.

కాగితం ఎందుకు పనికొస్తుందో మాత్రం తెలిసి ఉండాలి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది. యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే గుర్తింపు కార్డు), రిజర్వేషన్, పథకాలు కావాలంటే ప్రభుత్వ వైద్యుల అంచనా తప్పదు. చాలా పథకాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలన్నది హద్దు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ పేరు తల్లిదండ్రులందరికీ తెలిసిందే. పెద్దవాళ్లకు మాత్రం పెద్దవాళ్లలో ఆటిజం చూసిన అనుభవమున్న క్లినికల్ సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో వెతుక్కోమంటాను. వెళ్లేటప్పుడు అమ్మనో అక్కనో తీసుకెళ్లండి. మీ మూడో ఏటి సంగతులు వాళ్లకే గుర్తుంటాయి.

మా అబ్బాయికి ఇరవై రెండేళ్లు. మాటలు దాదాపు లేవు. వాడు చేయగలిగే పని ఏముంటుంది అక్కడ?

ఇంట్లో ఏం చూస్తూ, ఏం వింటూ ఉండిపోతాడో చెప్పండి. అక్కడి నుంచే మొదలుపెడతాం.

చిక్కడపల్లిలో ఒక పాత ఇంట్లో షూటింగ్. హెడ్‌ఫోన్లో నాకు సన్నగా ఏదో కూత. ఫ్రిజ్ ఆపాం, ఫ్యాన్ ఆపాం, పోలేదు. మాటలు లేని ఒకబ్బాయి లేచి నేరుగా పక్కగదిలోకి వెళ్లాడు. పరదా వెనకున్న పాత టీవీ స్టెబిలైజర్ ప్లగ్గు పీకేశాడు. కూత ఆగిపోయింది. నాకు హెడ్‌ఫోన్లో మాత్రమే వినిపించినది అతనికి గది బయటి నుంచే వినిపించింది. ఇప్పుడు ఏ లొకేషన్‌కైనా ముందు అతనే వెళ్లి కాసేపు నిలబడతాడు. బొటనవేలు చూపించేదాకా నేను మైకు తెరవను.

మాటల్లేని పనులు సెట్ నిండా ఉంటాయి. క్లాప్ బోర్డు మీద టేకు నంబరు మార్చడం, ఏ వస్తువు ఎక్కడుందో ఫోటోలు తీసి కంటిన్యూటీ చూడటం (ఒక షాట్‌లో ఉన్నట్టే తర్వాతి షాట్‌లోనూ ఉండేలా చూడటం), బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టి లెక్క ఉంచడం. గత షాట్‌లో గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చెప్పగలిగే కళ్లు డబ్బిచ్చినా దొరకవు. మీ అబ్బాయి బొమ్మల కార్డులో, బొమ్మ నొక్కితే మాట పలికే ఆవాజ్ లాంటి యాప్‌లో వాడుతుంటే తప్పకుండా తెండి, అందులో "కట్", "మళ్లీ", "చాలు", "గోల" అనే బటన్లు చేర్చుకుందాం. ఒక్క విన్నపం: అతను పక్కనుండగా అతని గురించి మాకు చెప్పకండి. ఏదైనా అతనికే చెప్పండి, మేం వింటాం.

ఇది థెరపీయా?

కాదు. థెరపిస్టులు లేరు, రిపోర్టులు రాయం, "ఎంత మెరుగయ్యాడు" అనే లెక్క పెట్టం. సినిమా బాగుందా లేదా అన్నదొక్కటే లెక్క.

ఫీజెంత? కెమెరా కొనుక్కోవాలా?

ఫీజు లేదు. ఫోన్ కెమెరా చాలు. డబ్బు పెట్టాలనిపిస్తే మైకుకు పెట్టండి, నేను సౌండ్ మనిషిని కాబట్టి చెప్పడం లేదు. బొమ్మ మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినబడకపోతే లేచి వెళ్లిపోతారు. ఏదైనా లెన్సో లైటో అవసరమైతే కృష్ణానగర్ వైపు అద్దెకు తెస్తాం. ఖర్చంతా భోజనాలకే.

మా ఇంట్లో ఉర్దూ. తెలుగు చదవడం రాదు. ఇబ్బందా?

పాతబస్తీ నుంచి వచ్చేవాళ్లు మాలో ఉన్నారు. స్క్రిప్టు కన్నా స్టోరీబోర్డు బొమ్మలతోనే ఎక్కువ పనిచేస్తాం. డైలాగు మీ నోటికి వచ్చే భాషలోనే ఉంటుంది, దక్కనీ అయితే మరీ మంచిది.

## మొదటిసారి వచ్చినప్పుడు

అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలియకపోతే నేను ఇంట్లోంచి కదల్లేను. ఏమైనా పంపిస్తారా?

పంపిస్తాం. సినిమావాళ్లు ఎప్పటినుంచో వాడే కాల్ షీట్ అనే కాగితం ఇలాంటివాళ్ల కోసమే కనిపెట్టినట్టుంటుంది. ఎన్నింటికి రావాలి, ఎక్కడికి, ఏ సీను, ఎవరెవరు ఉంటారు, భోజనం ఎప్పుడు, ప్యాకప్ ఎప్పుడు, అన్నీ అందులో ఉంటాయి. మేం దానికి ఇంకొన్ని వరుసలు చేర్చాం. గేటు ఫోటో, బాత్రూం ఎటు, కుక్క ఉందా, పక్కన గుడి మైకు ఉందా, వంటింటి వాసన వస్తుందా, విడిగా కూర్చునే గది ఏది. భోజనంలో ఏమేం ఉంటాయో కూడా రాస్తాం. రోజూ పెరుగన్నమే తినేవాళ్లు డబ్బా తెచ్చుకోవచ్చు, "ఒక్క ముద్ద బిర్యానీ రుచి చూడు" అని బలవంతం చేసే మనిషి మాలో లేరు.

దారి కూడా రాస్తాం, ఏ మెట్రో స్టేషన్, ఏ వైపు మెట్లు అన్నది. అమీర్‌పేటలో రెడ్ లైన్, బ్లూ లైన్ కలుస్తాయి. ఆ తోపులాట పడనివాళ్లు దాన్ని తప్పించుకుని ఆటోలో రావడమే మేలు. సగం శక్తి అక్కడే ఖర్చయిపోతే సెట్‌కి మిగిలేదేముంది?

కళ్లలోకి చూడను, చేతులు ఊపుతుంటాను, ఒకే మాట పదిసార్లంటాను. ఏమనుకుంటారో?

ఏమీ అనుకోం. ఊగండి, తిరగండి, వేళ్లు ఆడించండి. ఇలా ఒకే కదలికో శబ్దమో మళ్లీమళ్లీ చేయడాన్ని స్టిమ్మింగ్ అంటారు. శబ్దం వచ్చే స్టిమ్మింగ్ మాత్రం టేకు నడిచేటప్పుడు మైకులో పడుతుంది. పెన్ను టిక్కుటిక్కుమనిపించేవాళ్ల కోసం నా సౌండ్ బ్యాగులో రబ్బరు బంతులు, మెత్తటి తాళ్లు పెట్టుకుంటాను. చాలామంది ఆటిస్టిక్ కానివాళ్లూ అవి అడిగి తీసుకుంటున్నారు, తిరిగివ్వడం లేదు.

మేం తల్లిదండ్రులం పక్కనే ఉండొచ్చా?

మొదటిసారి ఉండండి. తర్వాత్తర్వాత వీధి చివర ఇరానీ హోటల్లో కూర్చోండి, ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో వచ్చేంత దూరంలో.

కటువుగా అనిపించినా చెప్పాలి. అమ్మ ఉన్నంతసేపూ పిల్లలు (ముప్ఫై ఏళ్ల పిల్లలైనా సరే) అమ్మ మొహం చూసి పనిచేస్తారు. అసిస్టెంట్ డైరెక్టర్ "క్లాప్ ఇటు పట్టుకో" అంటే, "ఇటు పట్టుకో నాన్నా" అని అమ్మ అనువదిస్తుంది. ఆ అనువాదం ఆగితే తప్ప వాళ్లిద్దరికీ మధ్య నేరుగా మాట నడవదు. మందులు, ఫిట్స్, ఆహారం సంగతులుంటే రాసివ్వండి. మీ మీద కోపంతో చెప్తున్నది కాదు. ఇన్నేళ్లూ ఒక్కపూట కూడా ఖాళీగా టీ తాగని మనుషులు మీరు.

## షూటింగ్ రోజు

లైట్లు, శబ్దాలు నేను తట్టుకోలేను. షూటింగ్ అంటే అవే కదా?

పెద్ద సినిమా షూటింగుల్లో అవే. మా దగ్గర వీలైనంత తగ్గిస్తాం. ఇందులో మాకు తెలిసొచ్చిన విషయం, మిమ్మల్ని బాధపెట్టేవి చాలావరకు సినిమానీ పాడుచేస్తాయి.

ట్యూబ్‌లైటు సంగతే చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత చోక్ ట్యూబ్‌లైటు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. మామూలుగా కంటికి ఆనదు, కొందరికి మాత్రం తలనొప్పి తెప్పిస్తుంది. షట్టర్ సరిగ్గా పెట్టకపోతే కెమెరా కూడా దాన్ని చారల్లా పట్టేస్తుంది. అందుకే మన దేశంలో 1/50 లేదా 1/100 షట్టర్ వాడతారు. మేమైతే ట్యూబ్‌లైటే ఆపేసి కిటికీ పక్కన తీస్తాం, లేదంటే పొద్దున్నే డాబా మీద.

శబ్దమూ అంతే. ఆషాఢంలో బోనాల డప్పులు, వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా డీజేలు, ముహూర్తాల రోజుల్లో బరాత్‌లు. ఈ రోజుల్లో షూటింగ్ పెట్టుకుంటే మీరూ నలిగిపోతారు, నా ట్రాకూ పనికిరాదు. క్యాలెండర్ చూసుకుని ఆ వారాలు ఎడిటింగ్‌కి వదిలేస్తాం. క్లాప్ ఫటేలున కొట్టక్కర్లేదు, బొమ్మనీ శబ్దాన్నీ కలపడానికి చిన్న టిక్కు చాలు. ఇయర్‌ప్లగ్గులు, హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. సెట్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషిని ఎవరూ వింతగా చూడరు, ముఖ్యమైన పని చేస్తున్నారనుకుంటారు.

ఇంకొకటి. ప్రతి లొకేషన్లోనూ చివర అర నిమిషం రూమ్ టోన్ రికార్డు చేస్తాం. అంటే ఎవరూ లేనట్టు ఆ గది ఎలా వినిపిస్తుందో పట్టుకోవడం, ఎడిటింగ్‌లో అతుకులు కనబడకుండా. అప్పుడు యూనిట్ మొత్తం కదలకుండా, మాట్లాడకుండా నిలబడాలి. మాలో చాలామందికి రోజు మొత్తమ్మీద ఇష్టమైన అర నిమిషం అదే. పదిమంది మధ్య ఉంటూ ఏమీ మాట్లాడక్కర్లేదు, పైగా అదే పని.

మధ్యలో మెల్ట్‌డౌన్ వస్తే? అందరి ముందూ పరువు పోతుంది.

మెల్ట్‌డౌన్ అంటే శబ్దాలూ ఒత్తిడీ తట్టుకోలేని స్థాయికి చేరి మనిషి అదుపు తప్పిపోవడం. అంతదాకా రాకముందే తల మీద చెయ్యి పెట్టుకుంటే "నాకు బ్రేక్ కావాలి" అని గుర్తు. ఎవరు పెట్టినా, ఎంత మంచి టేకు నడుస్తున్నా, అసిస్టెంట్ డైరెక్టర్ కట్ చెప్తారు. కారణం అడగరు. ఆటిస్టిక్ కానివాళ్లూ ఆ గుర్తు వాడతారు కాబట్టి ఎవరికోసం ఆగిందన్నది పెద్ద విషయం కాదు.

గుర్తు చూపించే స్థితి దాటిపోతే ఒకరే దగ్గరుంటారు, మిగతావాళ్లు పక్కకు జరుగుతారు. ముట్టుకోం, "ఏమైంది, ఏమైంది" అని చుట్టూ మూగం, లైట్లు ఆపేస్తాం. మొదటగా ఆగేది కెమెరా. మెల్ట్‌డౌన్ రికార్డయితే ఆ క్లిప్ అక్కడే డిలీట్. "అవగాహన కోసం పనికొస్తుంది" అన్న వాదన మా దగ్గర నడవదు. తేరుకున్నాక ఇంటికి వెళ్లినా సరే, క్లాప్ తీసుకుని తర్వాతి షాట్‌లోకి వచ్చినా సరే, ఏదీ వివరించక్కర్లేదు. షాట్ మళ్లీ తీసుకోవచ్చు.

అనుకున్నది మారితే నాకు తల తిరిగిపోతుంది. షూటింగుల్లో అన్నీ మారుతూనే ఉంటాయంటారు?

నిజమే, మారతాయి. వాన వస్తుంది, ఇంటి ఓనరుకు చుట్టాలు దిగుతారు. అందుకే గోడకి తెల్ల బోర్డు పెడతాం, మారింది ఏదైనా ముందు దాని మీద కొట్టేసి రాశాకే నోటితో చెప్తాం. భోజనం వేళ, ప్యాకప్ వేళ, మీ పని, ఈ మూడూ మార్చం. సీను మిగిలిపోయినా ఆరింటికి అంటే ఆరింటికే ప్యాకప్.

బయట తీస్తే పోలీసులు ఆపరా?

ఆపొచ్చు. చార్మినార్, గోల్కొండ కోట కేంద్ర పురావస్తు శాఖ కిందివి, సినిమా తీయాలంటే వాళ్ల అనుమతి కావాలి. మెట్రో స్టేషన్లలో తీయాలన్నా అనుమతి కావాలి. డ్రోన్ జోలికి అసలు వెళ్లం. యూనిఫాం చూడగానే మాట పడిపోయేవాళ్లు మాలో ఉన్నారు కాబట్టి, నా ఓటు ఎప్పుడూ తెలిసినవాళ్ల డాబాలకీ వాకిళ్లకీ అపార్ట్‌మెంట్ సెల్లార్లకీ. అసోసియేషన్ ప్రెసిడెంటు దగ్గర ఒక సంతకం తీసుకుంటే రోజంతా ప్రశాంతం.

వర్క్‌షాపుల్లో అందరితో అన్ని పనులూ చేయిస్తారు. నాకు ఒక్క పనే ఇష్టం. మార్చమంటారా?

మార్చం. గంటకో పని మార్చే పద్ధతి నాకు మొదట్నుంచీ నచ్చదు. ఒక పనిలో చెయ్యి కుదురుకోకముందే లాగేస్తారు. మాలో ఒకమ్మాయి మొదట్నుంచీ కంటిన్యూటీ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. ఇప్పుడు ఆమె లేకపోతే షూటింగ్ వాయిదా వేస్తాం. మొహమాటానికి కాదు, ఆమె లేకుండా తీసిన సీన్లలో చొక్కా గుండీలు వాటంతటవే పెట్టుకుని ఊడుతుంటాయి. మార్చుకోవాలని మీకనిపిస్తే చెప్పండి, దర్శకత్వమైనా సరే.

## కథ, ఎడిటింగ్

సినిమా ఆటిజం గురించే ఉండాలా?

అక్కర్లేదు. ఉండకపోతేనే నాకు సంతోషం. ఏప్రిల్ 2 ఆటిజం అవగాహన దినం వస్తే చాలు, నెమ్మదిగా పియానో, కిటికీ దగ్గర ఒంటరిగా ఒక బాబు, చివర అమ్మ కన్నీళ్లు. ఆ బాబుకి ఏం ఇష్టమో సినిమా అయిపోయినా తెలియదు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, దళిత రైతు స్త్రీలు, వీడియో కెమెరా నేర్చుకుని తమ విత్తనాల మీద, పంటల మీద సినిమాలు తీశారు. పై నుంచి కిందికి చూసే షాట్‌కి వాళ్లు పటేల్ షాట్ అని పేరు పెట్టారు. కళ్ల ఎత్తులో పెట్టేది సంఘం షాట్. మన గురించి ఇతరులు తీసే సినిమాల్లో ఎక్కువ భాగం పటేల్ షాట్లే. కాబట్టి ట్రైపాడ్ ఎత్తు దగ్గర మేం చాలాసేపు తగాదా పడతాం.

మావాళ్ల కథలెలా ఉంటాయంటే, ఆర్టీసీ రూట్ నంబర్లన్నీ కంఠతా వచ్చిన ఒకతను ఉన్నాడు. 5కె, 49ఎం రెండూ సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నం వెళ్లేవే, దారులు వేరు. అన్నాచెల్లెళ్లు గొడవపడి ఒకరు ఇదీ ఒకరు అదీ ఎక్కుతారు, ఎవరు ముందు దిగుతారన్నదే కథ. ఇంట్లో "ఆ బస్సుల గోల ఆపరా" అనిపించుకున్న విషయమే అక్కడ స్క్రిప్టయింది. షెడ్యూలు మొత్తం అతను చెప్పినట్టే నడిచింది, ఎందుకంటే ఏ బస్సు ఎప్పుడొస్తుందో అతనికే తెలుసు.

ఆటిజం మీదే తీయాలనుకుంటే తీయండి, నవ్వించండి కూడా. తెర మీద వైకల్యాన్ని చూపించడం గురించి 2024 జూలైలో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, వైకల్యాన్ని కించపరిచే హాస్యం వేరు, దాన్ని అర్థం చేయించే హాస్యం వేరు అని చెప్పింది. మన మీద మనం వేసుకునే జోకులు రెండో రకం.

ఎడిటింగ్ ఇంట్లో ఒక్కణ్ణే చేసుకోవచ్చా? ఎవరైనా వెనక నిలబడితే చెయ్యి ఆడదు.

చేసుకోవచ్చు. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ మా పనికి సరిపోతుంది. అభిప్రాయాలన్నీ రాతలోనే, నిమిషం సెకనుతో సహా: "2:14 దగ్గర తలుపు శబ్దం అర సెకను ముందొస్తోంది" అని. "బాగుంది గానీ ఏదో తక్కువైంది" అనే మాట నిషేధం, ఏది తక్కువైందో చెప్పలేనివాళ్లు చెప్పగలిగేదాకా ఆగాలి. రాత్రి కూర్చుంటే తెల్లారేదాకా లేవని మనిషైతే అన్నానికి అలారం పెట్టుకోండి.

తీరా తీశాక నా మొహం తెర మీద వద్దనిపిస్తే?

విడుదలకు ముందు ఎప్పుడు చెప్పినా తీసేస్తాం, సీను పోయినా సరే. యూట్యూబ్‌లోకి వెళ్లాక మా కాపీ తీసేయగలం గానీ, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుంటే చేయగలిగేది తక్కువ. అందుకే ఆఖరి కాపీ మీకు ఒంటరిగా చూసే వీలిచ్చి, కొన్ని రోజులు ఆగి, మళ్లీ అడుగుతాం. అప్పటికప్పుడు "సరే" అనేసి తర్వాత కుమిలిపోయే అలవాటు మాలో చాలామందికుంది.

## ప్రదర్శన

థియేటర్లో పది నిమిషాలు కూర్చోలేను. మనది ఎక్కడ చూపిస్తారు?

లైట్లు పూర్తిగా ఆర్పని, సౌండ్ తగ్గించిన, మధ్యలో లేచి తిరగొచ్చు అనే ప్రదర్శనలు వేరే దేశాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. అమెరికాలో ఏఎంసీ థియేటర్లు 2007లో మొదలుపెట్టాయి. ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఆస్కా బ్రైట్ అనే చలనచిత్రోత్సవం 2004 నుంచి జరుగుతోంది, దాన్ని నడిపేది నేర్చుకోవడంలో వైకల్యం ఉన్నవాళ్లు, ఆటిస్టిక్ మనుషులే. మన దగ్గర 2024లో కేంద్రం థియేటర్లకు అందుబాటు మార్గదర్శకాలు ఇచ్చింది గానీ, అవి వినికిడి, చూపు సమస్యలున్నవాళ్ల కోసం. చెవులు మరీ ఎక్కువ వినేవాళ్ల ఊసు అందులో లేదు.

హైదరాబాద్‌లో చిన్న సినిమాలకు బంజారాహిల్స్ లామకాన్, రవీంద్రభారతి ఆవరణలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ అందరికీ తెలిసినవే. మేం మాత్రం ఎక్కువగా డాబా మీద తెల్ల దుప్పటి కట్టి చూపిస్తాం. చాపలు, కుర్చీలు, నిలబడటానికి వెనక గోడ. చప్పట్లకు బదులు రెండు చేతులూ పైకెత్తి ఆడిస్తాం, వినికిడి లేనివాళ్ల పద్ధతి అది. చూడకుండా మెట్ల మీద కూర్చుని జనం నవ్వుతున్నారా లేదా అని వినేవాళ్లూ ఉన్నారు. అదీ చూడటమే.

సెన్సార్ కావాలా?

టికెట్టు పెట్టినా పెట్టకపోయినా, థియేటర్లో బహిరంగంగా వేయాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సర్టిఫికెట్ కావాలి. యూట్యూబ్‌కి అక్కర్లేదు. సినిమా పాటలు మాత్రం పెట్టకండి, కాపీరైట్ క్లెయిం వచ్చి కూర్చుంటుంది.

నా పేరు టైటిల్స్‌లో చూస్తే చుట్టాలకు తెలిసిపోతుంది. ఇంట్లో చెల్లి పెళ్లికుంది.

ఈ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగరు, పక్కకు పిలిచి అడుగుతారు. పేరు వద్దంటే వేయం, మారుపేరు కావాలంటే వేస్తాం. టైటిల్స్‌లో ఎవరి పేరు పక్కనా "ఆటిస్టిక్" అని ఉండదు. "సౌండ్", "కెమెరా", "కంటిన్యూటీ" అనే ఉంటుంది. దాచుకోవడం తప్పని ఉపన్యాసమూ ఇవ్వం. సంబంధాలు చూసే ఇళ్లలో ఏం మాట్లాడుకుంటారో మాకూ తెలుసు. ఒకాయన పేరు వద్దని చెప్పి, డాబా మీద ప్రదర్శన రోజు వాళ్ల నాన్న వచ్చి "మావాడి పేరేదీ?" అని మమ్మల్ని నిలదీసిన సందర్భం కూడా ఉంది. నిర్ణయం మాత్రం మీదే, నాన్నగారిది కాదు.

## సినిమా అయిపోయాక

గుమ్మడికాయ కొట్టేశాక అందరూ ఎవరిదారిన వాళ్లు పోతారా? మళ్లీ ఒంటరినేనా?

ఆ దిగులు నిజమైనదే. షెడ్యూలు ఉన్నన్నాళ్లూ ఆదివారం ఎక్కడికెళ్లాలో తెలుసు, ఎవరు ఎదురుచూస్తారో తెలుసు. ఒక్కసారిగా అది పోతుంది. "అప్పుడప్పుడూ కలుద్దాం" అనే మాట మాలాంటివాళ్లకు పనికిరాదు, అప్పుడప్పుడంటే ఎప్పుడో తెలియదు కాబట్టి. అందుకని షూటింగ్ లేకపోయినా ఆదివారం కలవడం ఆపం. హార్డ్ డిస్కులు సర్దుతాం, సబ్‌టైటిల్స్ రాస్తాం, ఒకే గదిలో ఎవరి లాప్‌టాప్ వాళ్లు చూసుకుంటాం. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు, పూల దండాలు నిషేధం. జవాబు రాయకపోయినా ఎవరూ నొచ్చుకోరు. నెలల తరబడి రాక, ఒక ఆదివారం వచ్చి కూర్చున్నవాళ్లను "ఇన్నాళ్లూ ఏమైపోయావ్" అని అడగం. ఏ పని మిగిలుందో చెప్తాం.

చాలాకాలంగా వస్తున్నా. అందరూ మంచివాళ్లే, కానీ ఒక్కరూ ఫ్రెండ్ అవలేదు. లోపం నాలోనే ఉందా?

మీలో లోపం లేదు. గుంపులో చోటు దొరకడం వేరు, స్నేహితుడు దొరకడం వేరు. మొదటిది మేం ఏర్పాటు చేయగలం, రెండోది మా చేతుల్లో లేదు. మాలో కొందరికి ఇక్కడే ప్రాణస్నేహితులు దొరికారు. కొందరు సెట్‌లో చక్కగా పనిచేసి, బయట ఒకరి ఇల్లు ఒకరికి తెలియకుండా ఉన్నారు, అదే వాళ్లకు సరిపోయింది. మీకు అది సరిపోకపోతే చెప్పండి. ఇద్దరు ముగ్గురే ఉండే పనిలో, ఫోలీ రికార్డింగ్ (అడుగులు, తలుపుల్లాంటి చప్పుళ్లు విడిగా చేసి రికార్డు చేయడం) లాంటి దాంట్లో, వేస్తాం. గంటసేపు ఇద్దరు కలిసి ఎండు చింతగింజల మీద నడుస్తూ అడుగుల చప్పుడు సరిచేసుకుంటే మాట వద్దన్నా వస్తుంది. అప్పటికీ మా గుంపు మీది కాదనిపిస్తే వేరే గుంపు వెతకండి. మాకేమీ కోపం లేదు.

దీంతో ఇండస్ట్రీలో ఉద్యోగం వస్తుందా?

ఆశ పెట్టలేను. ఇండస్ట్రీలో 24 క్రాఫ్టులకు యూనియన్లున్నాయి, కార్డు కావాలి, పరిచయాలు కావాలి, పొద్దున్న ఐదింటికి మొదలై రాత్రి ఎప్పటికో ముగిసే రోజులు. అక్కడ తల మీద చెయ్యి పెట్టుకుంటే కట్ చెప్పరు. సబ్‌టైటిల్స్, సౌండ్ ఎడిటింగ్, రోటోస్కోపింగ్ (ఫ్రేము ఫ్రేముకీ మనిషి చుట్టూ గీత గీసి బొమ్మని వేరుచేయడం) లాంటి కుర్చీలో కూర్చుని చేసే పనులు కొంత నయం. ప్రభుత్వోద్యోగం వైపు చూస్తే, 2016 చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్లో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివాటికి కలిపి ఉంది. దానికి మాత్రం సర్టిఫికెట్ కావాల్సిందే.

మా ఏరియా నుంచి ఇంత దూరం రాలేం. మేమే మొదలుపెట్టుకోవచ్చా?

తప్పకుండా. ముగ్గురుంటే చాలు. ఒక ఫోను, ఒక కాలర్ మైకు, ఎవరిదైనా డాబా. ఏ రోజు, ఏ వేళ అన్నది ముందు ఖాయం చేయండి, కథ తర్వాత. మొదటి సినిమా ఒక్క నిమిషం మించొద్దు, మాటలు లేకుండా ఉంటే ఇంకా సులువు. ముగ్గురిలో కనీసం ఒకరు ఆటిస్టిక్ అయి ఉండాలి, అతనికో ఆమెకో "వద్దు" అనే అధికారం ఉండాలి. తల్లిదండ్రుల సంఘం పేరుతో మొదలుపెట్టకండి, మీటింగులు ఎక్కువై షూటింగులు తగ్గుతాయి. కాల్ షీట్ నమూనా మేమిస్తాం. బాత్రూం ఎటో రాయడం మర్చిపోకండి.